పదహారు రంధ్రాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ రాజలక్ష్మి ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉంది. ఆ రోజు పదకొండు గంటలకు అది ముక్కు మీద కూడా నిలవలేదు.

“మూడు గంటలకు ఈ వ్యాను ఎన్నూరు గేటు ముందర ఉండాల. లేదంటే ఆ పెట్టెను ఈడినుంచి ఎత్తేస్తాను. నువ్వు కూడా, ఒరగడంలో కార్ల కంపెనీవాళ్ళు పిలస్తా ఉండారు గదా, ఆడికే పో. ఈ షెడ్డులో ఇంక కంప్యూటర్ మాట నా చెవిన పడకూడదు,” అన్నాను.

అన్నది నా కూతురు కార్తీకతో. విన్నది వ్యాను యజమాని భువనేశ్వరి. ఇంటి మాట బయటి మనిషి ముందు అనకూడదన్న ఇంగితం నాకు లేక కాదు. కోపం వచ్చినప్పుడల్లా ఆ ఇంగితం టీ తాగడానికి పోతుంది.

కార్తీక తల ఎత్తలేదు. డ్రైవరు సీటు దగ్గర తలుపు తీసి, నేల మీద మోకాళ్ళూని, స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి ప్లగ్గు లాగి మళ్ళీ గుచ్చింది. సీటు మీదున్న లాప్‌టాప్‌లో అదే ఎర్ర గడి వచ్చింది. వాహనం నుంచి జవాబు లేదని ఇంగ్లీషులో చెబుతుంది అది. తొమ్మిది గంటలకు మొదలుపెట్టాక అది ఎన్నోసారో లెక్కపెట్టడం నేను మానేశాను.

వ్యాసర్పాడిలో రైల్వే యార్డు గోడకు ఆనుకుని ఉన్న షెడ్డు మాది. నలభై ఏళ్ళుగా ఇంజను చప్పుడు విని రోగం చెప్పేవాణ్ణి. పరంధామయ్య చెవి అంటే ఇటు పెరంబూరు నుంచి అటు తొండియార్‌పేట దాకా డ్రైవర్లకు తెలుసు. ఇప్పటి బళ్ళు చెవికి చెప్పవు. వాటిలో ఇంజనును నడిపించే చిన్న కంప్యూటర్ ఒకటి ఉంటుంది, ఈసీఎం అంటారు. స్టీరింగ్ కింద పదహారు రంధ్రాల సాకెట్టు ఉంటుంది. అందులో కేబుల్ గుచ్చి, మధ్యలో అరచేతిలో పట్టేంత పెట్టె పెట్టి, లాప్‌టాప్ తగిలిస్తే బండి తన బాధంతా దానికి చెప్పుకుంటుంది. డిప్లొమా చదివిన కార్తీక రెండేళ్ళ కిందట ఆ సరంజామా తెచ్చి నా సామాన్ల బల్ల పక్కనే పెట్టింది. అప్పటినుంచి నాకు ఆ పెట్టెతో సవతి పోరు.

భువనేశ్వరిది ఎన్నూరు. పన్నెండు సీట్ల వ్యాను, నడిపేది తనే. కిందటి నెల వానకు రైలు వంతెన కింది సబ్‌వేలో నిలిచిన నీళ్ళలో దిగింది, ఈసీఎం తడిసి చచ్చింది. కొత్తది తెప్పించుకుంటే నేనే బిగించాను. కొత్త ఈసీఎం ఖాళీగా వస్తుంది. అది ఏ వ్యానుదో, ఏ ఇంజనుదో లాప్‌టాప్ నుంచి దానిలోకి రాయాలి. రాసేదాకా తాళం తిప్పినా ఇంజను పలకదు. రాస్తుండగా మధ్యలో లింకు తెగితే ఆ ఈసీఎం మళ్ళీ లేవదు, తీసి పారెయ్యడమే. ఇంకొకటి రావడానికి మూడు వారాలు.

ఆమెకు మూడు వారాలు కాదు, మూడు గంటల దాకే గడువు. ఎన్నూరు హార్బరు దగ్గర ఒక కంపెనీ షిఫ్టు మనుషుల్ని చేరవెయ్యడానికి వ్యాన్లు కుదుర్చుకుంటోంది. ఆ మధ్యాహ్నం గేటు ముందు బళ్ళు చూస్తారు. ఆ సమయానికి ఎదురుగా నిలబడని బండికి మళ్ళీ ఏడాది దాకా పిలుపు ఉండదు. పెళ్ళిళ్ళకూ తిరుపతి ట్రిప్పులకూ తిప్పి తిప్పి విసిగిపోయిన మనిషి. రోజూ పోయి రోజూ ఇంటికొచ్చే పని ఆమెకు దొరకబోతున్నది ఇదే మొదటిసారి.

“ఇంకో బండి అడుక్కోని పొయ్యేదానికి కూడా లేదన్నా. నా బండి నంబరే రాసుకోని ఉండారు,” అంది పొద్దున వస్తూనే. అప్పుడు నవ్వుతూనే అంది. పదకొండుకు ఆ నవ్వు లేదు.

ఇంతకీ నాకు కోపం తెప్పించిన మాట ఏమిటో చెప్పాలి. కార్తీక వరసగా అన్నీ చూసుకుంటూ వచ్చింది. లాప్‌టాప్‌ను ఆపి మళ్ళీ పెట్టింది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించింది. కేబుల్ మీద అనుమానంతో షెడ్డులో ఉన్న ఇంకో కారుకు తగిలించి చూసింది. ఆ కారుతో లాప్‌టాప్ చక్కగా కబుర్లు చెప్పింది. అంటే లాప్‌టాప్, పెట్టె, కేబుల్ మూడూ బాగున్నాయి. తర్వాత ఫ్యూజు చూసింది. మీటరు తీసి, దాని సూదులు రెండూ వ్యాను సాకెట్టు రంధ్రాల్లో గుచ్చి చూసింది. కరెంటు వస్తోంది. ఎర్త్ ఉంది. ఈసీఎం మాటలు మోసుకొచ్చేవి ఆరో రంధ్రం, పద్నాలుగో రంధ్రం. బ్యాటరీ విప్పి ఆ రెండూ కొలిచింది. అరవై ఓమ్స్. ఉండాల్సింది అంతే.

“అన్నీ కరెక్ట్‌గానే ఉండాయి. మాట మాత్రం పోలేదు,” అని గోరు కొరుక్కుంది. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, “నాయనా, నువ్వు బిగించిన ఈసీఎం కనెక్టర్ ఒకసారి విప్పి చూస్తాను,” అంది.

అదీ సంగతి. నా చేతి బిగింపు మీద అనుమానం.

ఆ రెండేళ్ళలో నేను ముట్టుకున్న బండి ఒక్కటి కూడా ఫిర్యాదుతో తిరిగి రాలేదు. ఆ మాట నేను వారానికి రెండుసార్లయినా ఎవరికో ఒకరికి చెబుతూ ఉంటాను. కార్తీక బళ్ళు మాత్రం, సాయంత్రం ఆరుకు నేను ఇంటికి బయలుదేరినా, ఇంకో అరగంట ఆమెను వదలవు. ఏం చేస్తావు పాపా అంటే, సుమ్మా, ఊరికే ఒకసారి చూసుకుంటానంటుంది. పొద్దుననుంచి చేసిన పని మీద నమ్మకం లేనివాళ్ళే సాయంత్రం మళ్ళీ చూసుకుంటారని నేను ఎగతాళి చేసేవాణ్ణి. అలాంటి పిల్ల నా బిగింపు విప్పుతానంటే నాకు ఒళ్ళు మండింది, ఆ మాటలన్నీ వచ్చేశాయి.

ఆమె మీటరు పక్కన పెట్టింది. గోడ గడియారం చూసింది. బానెట్ ఎత్తింది.

భువనేశ్వరి టార్చి పట్టుకుంది. కార్తీక ఈసీఎం కనెక్టర్ విప్పి ఒక్కొక్క పిన్నూ చూసింది. నేను చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాను. అందులో తుప్పో నీటి చుక్కో ఉంటే నా పరువు అక్కడే పోతుందని లోపల గుబులుగానే ఉంది. పిన్ను వంగి ఉంటే ఏమిటన్న భయం కూడా వేసింది. బయటికి మాత్రం యార్డులో షంటింగ్ చేస్తున్న ఇంజను వంక చూస్తున్నట్టు ముఖం పెట్టాను.

“అంతా క్లీన్‌గా ఉండాది. బాగానే బిగించినావు నాయనా,” అంది.

గెలిచినట్టే అనిపించింది. గెలిస్తే ఏం, పన్నెండున్నర అయింది, వ్యాను రాయిలా కూర్చునే ఉంది. భువనేశ్వరి ఫోను మోగింది. కంపెనీ మనిషి. “వస్తా ఉండానయ్యా, దోవలో ఉండాను,” అని అబద్ధం చెప్పి, ఫోను చీర కుచ్చిళ్ళలో దోపుకుని, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆమెను చూస్తుంటే నాకు సిగ్గేసింది. ఈ తండ్రీకూతుళ్ళ తగువులోకి వచ్చి పడ్డానేమిటని ఆమె అనుకునే ఉంటుంది.

“తీగ మధ్యలో తెగిందేమో చూడాల,” అంది కార్తీక. “నాయనా, లోపల కూర్చోని సూది పద్నాలుగులో పెట్టి పట్టుకో. నేను ఈ కొస నుంచి చూస్తాను. శబ్దం వస్తే తీగ బాగుండేట్టు.”

నేను పోయి స్టీరింగ్ కింద తల దూర్చాను. అరవై ఒకటేళ్ళ నడుముకు అది సుఖమైన చోటు కాదు. కళ్ళజోడు సర్దుకుని, టార్చి పళ్ళ మధ్య పట్టుకుని, కింది వరసలో పద్నాలుగో రంధ్రం వెతికాను. సూది పెట్టాను. కొన దిగుతున్నప్పుడు ఏదో పెళుసుగా విరిగినట్టు వేలికి తెలిసింది. బయట మీటరు కూసింది.

“తీగ బాగుండాది,” అంది బయటినుంచి.

నేను సూది తీసి చూశాను. కొనకు లేత పసుపు పొడి అంటుకుని ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గంధం.

మూడు రోజుల కిందట మా షెడ్డులో ఆయుధ పూజ అయింది. స్పానరు నుంచి జాకీ దాకా అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టడం మా నాయన నాకు నేర్పినది. అంగట్లో దొరికే పొడి వాడను, రాయి మీద నేనే అరగదీస్తాను. పూజకు ముందు రోజు కార్తీక నా ఎదురుగా నిలబడి, లాప్‌టాప్‌కూ పెట్టెకూ కేబుల్‌కూ పెట్టొద్దని నాచేత ప్రమాణం చేయించుకుంది. నేను మాట తప్పలేదు. ఆ మూడింటికీ దూరంగానే ఉన్నాను. కానీ ఆ రోజు భువనేశ్వరి వ్యాను కూడా షెడ్డులోనే ఉంది. పాపం, ప్రాణం లేకుండా పడి ఉన్న బండి, దాని యజమాని ఈ కంపెనీ పని కోసం ఎదురుచూస్తోంది. స్టీరింగ్‌కు పెట్టాను. డ్యాష్‌బోర్డు మీది పిళ్ళైయార్‌కు, అదే వినాయకుడికి, పెట్టాను. బండి నోరు ఇదే కదా, ఇక్కడినుంచే కదా అది మాట్లాడాలి అనుకుని, కిందికి వంగి ఈ సాకెట్టుకు కూడా, వేలినిండా తీసుకుని, దణ్ణం పెట్టుకుని మరీ పెట్టాను. ఈ పొద్దున కార్తీక రాకముందే తడిగుడ్డతో అక్కడక్కడా తుడిచేశాను. తుడిచాననుకున్నాను. ఆ తడిగుడ్డ మిగిలిన గంధాన్ని రంధ్రంలోకి నెట్టింది. అక్కడ అది సిమెంటులా గట్టిపడింది. మీటరు సూది సన్నం కాబట్టి దాన్ని పొడుచుకుని లోపలి రేకును తాకేది. ప్లగ్గు పిన్ను బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి గంధం మీదనే ఆగిపోయేది.

భక్తితో పెట్టాను. పొద్దుననుంచి నా కూతుర్ని తిట్టిందీ ఆ గంధం పెట్టిన మనిషే.

ఆ క్షణంలోనే చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. బయట భువనేశ్వరి గొంతు వినిపించింది, ఎవరితోనో ఫోనులో, “ఈడ ఏందో కంప్యూటర్ పనిచెయ్యలేదంట,” అంటోంది. కంప్యూటర్ పనిచెయ్యలేదన్న ఆ మాట నాకు హాయిగా ఉంది. ఇంకో పది నిమిషాలు అలాగే ఉంటే బాగుండుననిపించింది. కార్తీక బానెట్ దగ్గర కనెక్టర్ తిరిగి బిగిస్తోంది. నేను లేచి పోయి, టార్పాలిన్ కుట్టే దబ్బనం, పెట్రోలులో ముంచిన బ్రష్షు తెచ్చుకుని, మళ్ళీ కింద తల దూర్చి, గీకాను. ఊదాను. మళ్ళీ గీకాను. పసుపు పొడి నా చొక్కా మీద రాలింది, దులిపేశాను. దొంగతనం చేస్తున్నప్పుడు ఎలా ఉంటుందో నాకు ఆ వయసులో తెలిసింది.

కార్తీక బ్యాటరీ తగిలించి వచ్చి, ప్లగ్గు గుచ్చి, తాళం తిప్పింది. పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. తెర మీద వ్యాను నంబరు గడి తెరుచుకుంది.

“వచ్చిందా,” అంది భువనేశ్వరి. రెండు చేతులూ జోడించింది, ఎవరికో తెలియదు.

“వచ్చింది,” అన్నాను నేనే ముందు. “నీ పెట్టెకు ఇప్పటికి బుద్ధి వచ్చింది. ఇంక కానీ. టైమ్ ఎంతయిందో చూడు.”

ఒంటి గంట నలభై. ఎన్నూరు రోడ్డు మీద లారీలను తప్పించుకుని పోవాలంటే ముప్పావుగంట. రాయడానికి పదకొండు నిమిషాలు. టైము ఉంది, వెంటనే మొదలుపెడితే.

కార్తీక మొదలుపెట్టలేదు. వెలిగిన తెర వైపు చూస్తూ కూర్చుంది.

“ఎందుకు వచ్చింది?” అంది.

“ఎందుకేంది. కనెక్టర్ విప్పి బిగించినావు గదా.”

“దాంట్లో ఏ తప్పూ లేదు. నేను చూసినాను. నువ్వు సరిగ్గానే బిగించినావు. తీగలు బాగుండాయి. పొద్దున లేని లింకు ఇప్పుడు ఎట్ల వచ్చింది?”

“వచ్చింది గదా పాపా.”

“వేండాం,” అంది. గట్టిగా ఏదైనా చెప్పాలంటే ఆ పిల్లకు తమిళం వచ్చేస్తుంది. “నేను రాయను. ఎందుకు వచ్చిందో తెలియని లింకు మధ్యలో పోతుంది. ఆరో నిమిషంలో పోతే అక్క ఈసీఎం చచ్చిపోతుంది. మూడు వారాలు అక్క ఏం చేస్తుంది?”

“మూడు గంటలకు పోకపోతే నాకు ఆ ఈసీఎం ఉండీ లాభం లేదు కార్తీకా,” అంది భువనేశ్వరి. “రాసెయ్. ఏదైతే అదవుతుంది. నేనే చెబుతా ఉండాను గదా.”

“ఇవాళ పోతే ఈ పని ఒకటే పోతుందక్కా. ఈసీఎం పోతే బండే ఉండదు,” అని నా వైపు తిరిగింది. “తనంతట తాను సర్దుకున్న బండిని గేటు దాటించొద్దని చెప్పినవాడివి నువ్వే గదా నాయనా.”

నేనే. ఇరవై రెండేళ్ళ కిందట తంగరాజ్ అని ఒక ఆటో డ్రైవరు బ్రేకు పట్టడం లేదని వచ్చాడు. నేను చూసేసరికి పట్టింది. నాలుగుసార్లు తొక్కి చూశాను, పట్టింది. పో అన్నాను. మింట్ దగ్గర గోడకు గుద్దుకుని అతని కాలు మోకాలి కింద ముక్కలైంది. ఆ తర్వాత ఎందుకు బాగైందో తెలియకుండా ఒక్క బండిని కూడా నేను వదల్లేదు. పదేళ్ళ పిల్లగా స్టూలు మీద కూర్చుని ఉన్నప్పటినుంచీ కార్తీకకు ఆ ఒక్క పాఠం వందసార్లు చెప్పి ఉంటాను. చెప్పిన పాఠం ఇంత బాగా వంటబట్టడం ఎంత ఇబ్బందో అప్పుడు తెలిసింది.

కార్తీక ప్లగ్గు లాగేసింది. కేబుల్ చుట్టసాగింది. “నువ్వు చెప్పినట్టే చేస్తాను నాయనా. పెట్టె ఎత్తేస్తాను. ఒరగడం వాళ్ళకు ఫోన్ చేస్తాను. అక్కా, మన్నించు. నాకు దీని జబ్బు తెలియలేదు.”

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే తనకు చేతకాలేదని నమ్ముతోంది. భువనేశ్వరి వ్యాను మెట్టు మీద కూలబడింది, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒంటి గంట నలభై ఆరు. నేను నోరు విప్పితే నలభై ఏళ్ళ పేరు పోతుంది. విప్పకపోతే పోయేది నాది కాదు.

“గంధం,” అన్నాను.

ఇద్దరూ చూశారు.

“పూజ రోజు ఆ సాకెట్టుకు గంధం పెట్టినాను. నీ సామాన్లకు కాదు, వ్యాన్‌కు. పద్నాలుగో రంధ్రంలో దిగి ఎండిపోయింది. నువ్వు ముందర కనెక్టర్ బిగిస్తా ఉండినప్పుడు దబ్బనంతో గీకినాను. చెప్పేదానికి సిగ్గయింది. పొద్దుననుంచి నీ తప్పు ఏమీ లేదు పాపా. అంతా నాదే. భువనా, నువ్వు కూడా విను. తప్పు నాది.”

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కార్తీక ముందుకు వంగి, పేషెంటును అడిగే నర్సులా వరసగా అడిగింది. “పద్నాలుగు ఒకటేనా? పక్కవాటిలో చూసినావా? పెట్రోలు వేసినావా? ఎంతసేపయింది? ఆరిందా? దబ్బనం ఎంత లోపలికి పోయింది?” అన్నిటికీ జవాబు చెప్పాను. ఆమె టార్చి పట్టుకుని పదహారు రంధ్రాలూ ఒక్కొక్కటే చూసింది. పదమూడులో ఇంకో రవ్వ ఉంటే సన్నని సూదితో తీసింది. ప్లగ్గు గుచ్చి, వేలితో మెల్లగా కదిపింది. పచ్చదీపం ఒకసారి ఆరి వెలిగింది.

“దబ్బనం లావు నాయనా. లోపలి రేకు విచ్చుకుంది. ప్లగ్గు పట్టు చాలలేదు,” అంది. “కొత్త సాకెట్ వేసేదానికి టైమ్ లేదు. కొంచం పైకి ఎత్తి పట్టుకుంటే లింకు నిలుస్తా ఉండాది. పదకొండు నిమిషాలు కదలకుండా పట్టుకోవాల.”

“పట్టుకుంటాను.”

“కదిలితే పోతుంది.”

“పట్టుకుంటానన్నాను గదా.”

ఆమె లాప్‌టాప్ ముందుకు లాక్కుంది. “కారణం తెలిసింది. ఇప్పుడు రాస్తాను,” అంది. బ్యాటరీకి చార్జరు తగిలించి, గోడ స్విచ్చు వేసి, భువనేశ్వరి వంక రాయనా అన్నట్టు చూసింది. భువనేశ్వరి తల ఊపింది. ఒంటి గంట యాభై ఎనిమిదికి కార్తీక మీట నొక్కింది.

నేను వెల్లకిలా పడుకుని, తల పెడళ్ళ మధ్య, కాళ్ళు బయట, కుడిచేత్తో ప్లగ్గు పైకెత్తి పట్టుకుని ఉన్నాను. తెర నాకు కనబడదు. కార్తీక శాతాలు చదువుతోంది. నాలుగు. తొమ్మిది. పద్నాలుగు. ముప్పై దగ్గర భుజం నొప్పి మొదలైంది. నలభై దగ్గర చెమట కంట్లో పడింది, తుడుచుకోలేదు. నిజం చెబితే ఆ నొప్పి నాకు కొంచెం ఊరటగా ఉంది.

యాభై ఎనిమిది దగ్గర తలమీద ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. కరెంటు పోయింది.

“కదలొద్దు నాయనా,” అంది కార్తీక వెంటనే. “లాప్‌టాప్‌కు దాని బ్యాటరీ ఉండాది. చార్జర్ ఆగింది. వ్యాను బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూడాల. ఇప్పుడు పన్నెండు పాయింట్ మూడు వోల్ట్‌లు. పదకొండున్నరకు దిగితే రాయడం ఆగిపోతుంది. అక్కా, లోపల వెలిగేవన్నీ ఆపు.”

భువనేశ్వరి అటువైపు నుంచి ఎక్కి, తలుపు వేసి, కప్పు దీపం ఆపింది. పాటల డబ్బా తీగ పీకింది. డ్యాష్‌బోర్డు మీద పిళ్ళైయార్ చుట్టూ రంగురంగుల చిన్న దీపాలు తిరుగుతున్నాయి. వాటి తీగ చేతిలోకి తీసుకుని, “పది నిమిషాలు ఓర్చుకో సామీ,” అని పీకేసింది. ఆమె ఒక్కసారి కూడా నన్ను చూడలేదు. ఆ మాట నాకు అన్నా సరిపోయేది.

డెబ్భై ఒకటి. పన్నెండు. డెబ్భై తొమ్మిది. పదకొండు పాయింట్ తొమ్మిది. నా వేళ్ళు తిమ్మిరెక్కి, ప్లగ్గు ఉందో లేదో తెలియడం మానేసింది. పట్టు సడలుతోందా, బిగుస్తోందా అని కూడా తెలియలేదు. చూపు మాత్రం దాని మీదే పెట్టాను. వేలు కదలకపోతే ప్లగ్గు కదలదు, అంతే అనుకున్నాను. ఎనభై ఎనిమిది దగ్గర కార్తీక చదవడం ఆపేసింది.

“పాపా.”

“ఇరు, ఉండు నాయనా. తొంభై మూడులోనే నిలబడి ఉండాది.”

“వోల్ట్ ఎంత?”

“పదకొండు పాయింట్ ఆరు,” అంది. యార్డులో ఏదో గూడ్సు కదిలింది, దాని అదురు నేలలోంచి నా వీపుకు వచ్చింది. ఎడమచెయ్యి కూడా తెచ్చి కుడి మణికట్టును పట్టుకున్నాను.

“తొంభై ఎనిమిది,” అంది. తర్వాత, “అయిపోయింది. ఇంకా వదలొద్దు. తాళం తీసి మళ్ళీ పెట్టాల. అక్కా, తీయి. పది లెక్కపెట్టు. ఇప్పుడు పెట్టు. నాయనా, ఇప్పుడు వదులు.”

నా చెయ్యి దానంతట అది కిందికి జారింది. నీరసించిన బ్యాటరీ ఇంజనును ఒకసారి మూలిగించింది, రెండోసారి ఇంకా మెల్లగా. నేను కళ్ళు మూసుకున్నాను. మూడోసారి పట్టింది. నాలుగు సిలిండర్లూ సమంగా ఉన్నాయి, ఒక్కటీ తప్పడం లేదు. ఆ రోజు నా చెవి పనికొచ్చింది అప్పుడు ఒక్కసారే.

రెండు గంటల పద్నాలుగు నిమిషాలకు భువనేశ్వరి మా షెడ్డు గేటు దాటింది. పోతూ కార్తీక బుగ్గ పట్టుకుని వదిలింది. నన్ను చూసి, “వచ్చే ఏడు నా బండికి గంధం నేనే పెట్టుకుంటాలే అన్నా,” అంది. కోపంగా అందో, ఎగతాళికి అందో ఇప్పటికీ తేల్చుకోలేదు. మూడు గంటల ఐదు నిమిషాలకు ఫోన్ వచ్చింది. రెండు యాభై మూడుకు గేటు చేరిందట. బండి చూసి, అద్దానికి చీటీ అంటించారట. కార్తీక ఫోను పెట్టేసి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

అప్పుడు నేను ఆమె ఎర్ర అట్ట నోటుబుక్కు తీశాను. ఆ పెట్టె వచ్చినప్పటినుంచి ప్రతి బండికీ దానిలో ఒక వరస రాస్తుంది. బండి నంబరు, లోపం, కారణం, ఎవరి చెయ్యి. నేను దాన్ని ఎప్పుడూ తెరవలేదు. సవతి జాతకం నాకెందుకని. ఆ రోజు కారణం గడిలో గంధమనీ, చెయ్యి గడిలో నా పేరూ నేనే రాయాలనుకున్నాను.

“వద్దు నాయనా, నేను రాసుకుంటాలే,” అని లేవబోయింది. ఆ తొందర నాకు వింతగా తోచింది. పేజీలు వెనక్కి తిప్పాను.

ఆగస్టులో ఒక కారు. బ్రేకు పైపు వదులు, బిగింపు చాలలేదు, సాయంత్రం మళ్ళీ బిగించడమైనది. చెయ్యి: కార్తీక. ఆ రోజు ఆమె జ్వరంతో మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంది. ఆ పైపు బిగించింది నేను. జూన్‌లో ఒక టెంపో, చక్రం నట్లు రెండు సగమే తిరిగి ఉన్నాయి. చెయ్యి: కార్తీక. ఆ చక్రం వేసింది నేను. వెనక్కి పోయేకొద్దీ ఇంకా ఉన్నాయి. మొత్తం ఐదు బళ్ళు. ఐదూ నా చేతివే. ఐదూ సాయంత్రం ఆరు తర్వాత సరిచేసినవే. రెండేళ్ళలో నా బండి ఒక్కటీ ఎందుకు తిరిగి రాలేదో ఆ పుస్తకంలో శుభ్రంగా రాసి ఉంది.

“ఇది ఏంది పాపా?”

కార్తీక చేతుల మసి తుడుచుకుంది. “చేతి బలం కొంచం తగ్గింది నాయనా. అంతే. చెవి బాగానే ఉండాది,” అంది. “ఆ గడిలో ఎవరి పేరైనా రాయాల గదా.”

నాకు ఏడుపు వచ్చింది. మసి చేతులతోనే తుడుచుకున్నాను. తర్వాత పెన్ను అడిగి తీసుకుని, స్టూలు మీద కూర్చుని, ఐదు చోట్లా ఆమె పేరు కొట్టేసి నా పేరు రాశాను. ఆరోది ఆ రోజుది. వేళ్ళకు ఇంకా తిమ్మిరి పోలేదు, అక్షరాలు వంకరగా వచ్చాయి. పుస్తకాన్ని ఆ పెట్టె పక్కనే పెట్టి, రేపటినుంచి నేను బిగించినవన్నీ ఆరు గంటలకు ముందే, నా ఎదురుగానే చూడమని చెప్పాను.